గమ్యం – గమనం

పాఠ్యభాగ ఉద్దేశం

విజ్ఞానశాస్త్రం మానవుడి చేతికి కొత్త సాధనాలను అందిస్తుంది. వాటిని వివేకంతో వాడుకోవడం మానవుడి బాధ్యత. ఉపగ్రహాల సహాయంతో కొండకోనల్లో దాచిన పెట్టెలను వెదికే ఒక ఆధునిక క్రీడను పరిచయం చేస్తూ, ప్రకృతిలో నడిచేవారికి కావలసిన ముందుచూపును, వెనుదిరగగల ధైర్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'దూరపు కొండలు నునుపు' అన్నది తెలుగువారి సామెత. దూరం నుంచి తివాచీ పరచినట్లు నున్నగా కనిపించే కొండ దగ్గరకు వెళితే రాళ్లు, ముళ్లు, లోయలు, వాగులు ఎదురవుతాయి. పటం మీద గమ్యాన్ని వేలితో చూపడం తేలిక. అదే గమ్యాన్ని కాలినడకన చేరుకోవడం కష్టం. ఈ రెంటికీ మధ్య ఉన్న అంతరాన్నే ఆధారంగా చేసుకొని 2000 సంవత్సరంలో ఒక కొత్త క్రీడ పుట్టింది. దాని పేరు జియోకాషింగ్. 'జియో' అంటే గ్రీకు భాషలో భూమి. 'కాష్' అనేది ఫ్రెంచి భాష నుంచి వచ్చిన మాట. దాచిపెట్టిన వస్తువు లేదా దాచిన చోటు అని దాని అర్థం. భూమి మీద ఎక్కడో దాచిన దానిని వెదకి పట్టుకోవడమే ఈ క్రీడ.

ఆట నియమం చాలా సులభం. ఒకరు నీరు చొరని ఒక పెట్టెలో చిన్న పుస్తకం, పెన్సిలు, విలువలేని కొన్ని చిన్న వస్తువులు ఉంచి ఒక చోట దాచిపెడతారు. ఆ చోటు ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద ఉన్నదో ఇంటర్నెట్ ద్వారా అందరికీ తెలియజేస్తారు. ఆసక్తి కలవారు ఉపగ్రహ సంకేతాలను అందుకొనే పరికరంతో బయలుదేరి ఆ పెట్టెను వెదుకుతారు. దొరికితే పుస్తకంలో పేరు, తేదీ రాసి, పెట్టెను యథాస్థానంలో ఉంచి వస్తారు. లోపలి వస్తువు ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనది మరొకటి ఉంచాలి. చూడబోతే ఇది పిల్లలు ఆడుకొనే దాగుడుమూతల వంటిదే. అయితే ఇక్కడ దాగినది మనిషి కాదు, పెట్టె. ఆట స్థలం ఇంటి పెరడు కాదు, భూగోళం. నేడు అంటార్కిటికాతో సహా అన్ని ఖండాలలోనూ ఇటువంటి పెట్టెలు ఉన్నాయి. వాటి సంఖ్య 30 లక్షలకు పైమాటే.

ఉపగ్రహాలు కొత్తవే గాని ఈ ఆటలోని కోరిక మాత్రం పాతది. దాని మూలాలు ఇంగ్లండు దేశపు నైరుతి భాగంలో, డెవన్ మండలంలోని డార్ట్‌మూర్ అనే ఎత్తైన బంజరు భూమిలో ఉన్నాయి. సుమారు 954 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఆ ప్రాంతాన్ని 1951లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉద్యానవనం అనగానే పూలమొక్కలు, నీడనిచ్చే చెట్లు గుర్తుకు వస్తాయి. డార్ట్‌మూర్‌లో అవి అరుదు. దాని అడుగున సుమారు 28 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిల ఉంది. ఆ శిల మీద నీరు ఇంకదు. ఏడాది పొడవునా కురిసే వానకు గడ్డి, నాచు తడిసి, పూర్తిగా కుళ్లకుండానే పొరలు పొరలుగా పేరుకొంటాయి. అలా ఏర్పడిన నల్లని మెత్తని నేలను పీట్ అంటారు. అది పెరిగేది సంవత్సరానికి దాదాపు ఒక్క మిల్లీమీటరు మాత్రమే. అంటే మనిషి మోకాలి లోతు పీట్ తయారుకావడానికి కొన్ని వందల సంవత్సరాలు పడుతుంది. అక్కడక్కడ పీట్‌ను చీల్చుకొని గ్రానైటు గుట్టలు పైకి లేచి, పేర్చిన రాతి పలకల వలె నిలబడి ఉంటాయి. వాటిని టార్‌లు అంటారు. అటువంటివి అక్కడ 160కి పైగా ఉన్నాయి. ఆర్థర్ కోనన్ డాయల్ రచించిన షెర్లాక్ హోమ్స్ నవలల్లో ప్రసిద్ధమైన 'ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్విల్స్' కథ జరిగేది ఈ నేల మీదే.

ఈ బంజరు భూమి ఉత్తర భాగంలో, మనుషుల నివాసాలకు దూరంగా క్రాన్‌మియర్ పూల్ అనే చోటు ఉంది. పూల్ అంటే మడుగు. కాని అందులో నీరు లేదు. ఒకప్పటి మడుగు ఎండిపోయి ఇప్పుడు పీట్‌లోని ఒక పల్లంగా మిగిలింది. అది ఎందుకు ఎండిపోయిందో చెప్పే జానపద కథ ఒకటి అక్కడివారి నోళ్లలో ఉంది. సమీపంలోని ఓక్‌హాంప్టన్ పట్టణానికి మేయరుగా పనిచేసిన బెంజమిన్ గేయర్ అనే వ్యక్తి మరణించిన తరువాత దయ్యమయ్యాడట. అతని పీడ వదిలించుకోవడానికి ఆ మడుగు నీటినంతా జల్లెడతో తోడిపొయ్యమని అతనికి శిక్ష విధించారట. కొంతకాలం వృథాగా శ్రమపడిన ఆ దయ్యానికి ఒకనాడు ఒక గొర్రెతోలు దొరికింది. దానిని జల్లెడ అడుగున పరచి మడుగంతా తోడేసిందట. ఆ నీటికి ఓక్‌హాంప్టన్ మునిగిపోయిందని కథ. ఆ నేల మీద పనిబడితే బలం కంటే ఉపాయమే అక్కరకు వస్తుందని చెప్పినట్లుంది.

ఓక్‌హాంప్టన్ నుంచి క్రాన్‌మియర్ పూల్‌కు సరళరేఖలో దూరం పది కిలోమీటర్ల లోపే. అయినా 19వ శతాబ్దంలో అక్కడికి చేరుకోవడం ఒక ఘనకార్యంగా ఉండేది. దారి తెలిసిన మార్గదర్శి తోడు లేనిదే ఎవరూ సాహసించేవారు కాదు. చాగ్‌ఫర్డ్ అనే ఊరికి చెందిన జేమ్స్ పెరట్ అటువంటి మార్గదర్శి. 1854లో ఆయన ఆ పల్లంలో ఒక గాజు సీసాను ఉంచాడు. అక్కడి దాకా రాగలిగినవారు తమ పేరు ముద్రించిన చీటీని అందులో వేసి వెళ్లేవారు. కాలక్రమాన సీసా స్థానంలో పెట్టె, చీటీల స్థానంలో పుస్తకం, ఆ తరువాత రబ్బరు ముద్ర వచ్చాయి. కొందరు తమ చిరునామా రాసిన పోస్టుకార్డును పెట్టెలో ఉంచేవారు. తరువాత వచ్చినవారు దానిని తీసుకువెళ్లి తపాలాలో వేసేవారు. అందువల్ల ఈ అలవాటుకు 'లెటర్‌బాక్సింగ్' అనే పేరు స్థిరపడింది. 1937లో క్రాన్‌మియర్ పూల్ వద్ద పెట్టె కోసం చిన్న రాతిగూడు కట్టారు. ఒక్క సీసాతో మొదలైన ఆ వేడుక డార్ట్‌మూర్ అంతటా వేల పెట్టెలుగా విస్తరించింది. పటం, దిక్సూచి మాత్రమే ఆ అన్వేషకుల సాధనాలు.

లెటర్‌బాక్సింగ్ జియోకాషింగ్‌గా మారడానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది. ఆ మార్పుకు కారణం జి.పి.ఎస్. అనే ఉపగ్రహ వ్యవస్థ. అమెరికా రక్షణశాఖ సైనిక అవసరాల కోసం దానిని నిర్మించింది. మొదటి ఉపగ్రహాన్ని 1978లో ప్రయోగించారు. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో వ్యవస్థ పూర్తి స్థాయిలో పనిచేయడం మొదలుపెట్టింది. ఈ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ఉంటాయి. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారం ఉంటుంది. 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత' అని ప్రతి ఉపగ్రహమూ నిరంతరం రేడియో సంకేతం పంపుతూ ఉంటుంది. ఆ సంకేతం సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణించి, సెకనులో పదిహేనో వంతు కాలంలో నేలను చేరుతుంది. చేతిలోని పరికరం ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి, ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో తెలుసుకొంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనిషి నిలబడిన చోటు, ఎత్తు, సరైన సమయం తేలుతాయి. సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. అందుకే అంత ఖచ్చితమైన గడియారాలు అవసరమయ్యాయి.

1983 సెప్టెంబరు 1న కొరియాకు చెందిన ఒక ప్రయాణికుల విమానం దారితప్పి సోవియట్ గగనతలంలోకి ప్రవేశించి కూల్చివేతకు గురైంది. అందులోని 269 మందీ మరణించారు. దారి తప్పడం ఎంత విషాదానికి దారితీస్తుందో లోకానికి తెలిసింది. ఆ సంఘటన తరువాత, జి.పి.ఎస్.ను పూర్తయిన వెంటనే సామాన్య ప్రజలకు కూడా ఉచితంగా అందిస్తామని అమెరికా ప్రకటించింది. అయితే భద్రత పేరుతో పౌరులకు అందే సంకేతంలో కావాలనే కొంత దోషం కలిపేవారు. దానివల్ల పరికరం చూపే చోటుకూ అసలు చోటుకూ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. 2000 మే 1వ తేదీ అర్ధరాత్రి ఆ దోషాన్ని తొలగించారు. ఒక్క రాత్రిలో ప్రపంచంలోని జి.పి.ఎస్. పరికరాలన్నీ అనేక రెట్లు నిశితమయ్యాయి. రెండు రోజులు గడవకముందే, మే 3న, అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు బీవర్‌క్రీక్ సమీపంలోని అడవిలో ఒక నల్లని బకెట్‌ను దాచి, దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో పుస్తకాలు, తినుబండారం, ఒక ఉండేలు వంటి వస్తువులు ఉన్నాయి. కొద్ది రోజులలోనే ఆ బకెట్‌ను కనుగొన్నవారు తమ అనుభవాన్ని తిరిగి ప్రకటించారు. జియోకాషింగ్ అనే పేరు ఆ నెలాఖరుకు పుట్టింది.

ఈ క్రీడలో అంకెలకు ఉన్న విలువ గ్రహించడం అవసరం. అక్షాంశాన్ని, రేఖాంశాన్ని డిగ్రీలలోనూ, డిగ్రీలో అరవయ్యో వంతైన నిమిషాలలోనూ, నిమిషాన్ని మూడు దశాంశ స్థానాల దాకానూ రాస్తారు. ఒక నిమిషం అక్షాంశం నేల మీద సుమారు 1,852 మీటర్లు. అందువల్ల మూడవ దశాంశ స్థానంలో ఒక్క అంకె తేడా వస్తే నేల మీద వచ్చే తేడా రెండు మీటర్ల లోపే. మొదటి దశాంశ స్థానంలో పొరపాటు పడితే మాత్రం 185 మీటర్లు దారి తప్పినట్లే. రేఖాంశం సంగతి వేరు. రేఖాంశాలు ధ్రువాల వద్ద కలుస్తాయి గనుక భూమధ్యరేఖకు దూరం వెళ్లే కొద్దీ వాటి మధ్య ఎడం తగ్గుతుంది. ఒక నిమిషం రేఖాంశం హైదరాబాదు వద్ద దాదాపు 1,770 మీటర్లు ఉంటే, డార్ట్‌మూర్ వద్ద దాదాపు 1,176 మీటర్లే ఉంటుంది. అదే అంకె, వేరు వేరు నేలల మీద వేరు వేరు దూరాలను సూచిస్తుంది.

ప్రతి పెట్టెకూ రెండు కొలతలు ఇస్తారు. మొదటిది పెట్టెను కనిపెట్టడంలోని కష్టం. రెండవది అక్కడికి చేరడంలో నేల పెట్టే కష్టం. రెండింటినీ ఒకటి నుంచి అయిదు వరకు లెక్కిస్తారు. నేల కొలత ఒకటి అయితే చక్రాల కుర్చీలో కూడా వెళ్లవచ్చు. అయిదు అయితే పడవ, తాడు వంటి ప్రత్యేక సాధనాలు, వాటిని వాడే నేర్పు అవసరం. మూడు, నాలుగు మధ్య ఉండే కొలతలే చాలామందిని మోసం చేస్తాయి. వాటికి ప్రత్యేక సాధనాలు అక్కరలేదు గనుక ఎవరైనా వెళ్లవచ్చుననిపిస్తుంది. క్రాన్‌మియర్ పూల్ వంటి చోటుకు నడక ఈ తరగతికి చెందినదే.

ఆ నడక ఇంటివద్దనే మొదలవుతుంది. ఎంత సమయం పడుతుందో ముందుగా లెక్కవేసుకోవాలి. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. గంటకు అయిదు కిలోమీటర్ల చొప్పున నడక, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. ఓక్‌హాంప్టన్ నుంచి క్రాన్‌మియర్ పూల్‌కు పది కిలోమీటర్లు, ఎక్కుడు సుమారు 400 మీటర్లు అనుకుంటే, వెళ్లడానికి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుందని సూత్రం చెబుతుంది. అయితే అది గట్టి నేల మీద నడిచే ఆరోగ్యవంతుడి లెక్క. తడిసిన పీట్ మీద ఆ సమయం సులభంగా రెట్టింపవుతుంది. తిరుగు ప్రయాణానికి పట్టే సమయాన్ని, సూర్యాస్తమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. శీతకాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది.

సమయం తరువాత తెలుసుకోవలసినది అనుమతి. డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో కొంత ప్రాంతం సైన్యం కాల్పుల సాధనకు వాడుకొంటుంది. క్రాన్‌మియర్ పూల్ ఆ హద్దుల లోపలే ఉంది. కాల్పుల రోజులను ముందుగా ప్రకటిస్తారు. ఆ రోజుల్లో గుట్టల మీద పగలు ఎర్రజెండాలు ఎగురవేస్తారు, రాత్రి ఎర్రదీపాలు వెలిగిస్తారు. చేతిలోని పరికరానికి ఎర్రజెండా తెలియదు. అది ఎప్పటివలెనే బాణం గుర్తుతో దిక్కు చూపిస్తూనే ఉంటుంది.

బాణం గుర్తు చూపేది ఎప్పుడూ సరళరేఖ మార్గాన్నే. నడక మొదలైన కాసేపటికే ఆ రేఖ వాగును దాటమంటుంది, నిట్టనిలువు వాలును దిగమంటుంది, పచ్చని ఊబి మధ్యనుంచి పొమ్మంటుంది. డార్ట్‌మూర్‌లో మిక్కిలి పచ్చగా, మెత్తగా మెరిసే నాచు నేల అందంగా ఉంటుంది. దాని కింద నీరు నిలిచి ఉంటుంది. దాని మీద కాలు మోపితే చుట్టూ కొన్ని అడుగుల మేర నేలంతా ఊగుతుంది. అనుభవం గలవారు పచ్చని చోటును వదలి ఎండిన గోధుమరంగు గడ్డి మొదళ్ల మీద అడుగులు వేస్తారు. పీట్ నేలలో నీరు కోసిన నల్లని చాళ్లు మనిషి ఎత్తున ఉండి, ఒకదానిలో దిగి మరొకటి ఎక్కుతూ పోవలసి వస్తుంది. వంద మీటర్ల దూరానికి ఇరవైసార్లు ఎక్కి దిగినా ఆశ్చర్యం లేదు. వెనుకటి కాలంలో గుర్రాలు, పశువులు సురక్షితంగా దాటడానికి ఫ్రాంక్ ఫిల్‌పాట్స్ అనే వ్యక్తి ఈ పీట్‌ను కొన్నిచోట్ల గట్టి నేల తగిలే దాకా చీల్చి దారులు ఏర్పరచాడు. ఆ దారుల మొదట్లో, చివర గుర్తురాళ్లు పాతారు. పరికరం తెర మీద కనిపించని ఆ రాయి నడిచేవాడికి ఊరటనిస్తుంది.

ఇక్కడే పాత విద్య అక్కరకు వస్తుంది. పటం మీద సమాన ఎత్తు గల చోట్లను కలిపే గీతలు ఉంటాయి. గీతలు ఎడంగా ఉంటే నేల చదునుగా, దగ్గరగా ఉంటే వాలు నిటారుగా ఉన్నట్లు. ఆ గీతలను చదవగలిగినవాడు వాగును దాటడానికి అనువైన చోటును, చుట్టు తిరిగినా శ్రమ తక్కువైన దారిని ఎంచుకొంటాడు. వాగు ఒడ్డున ఉన్న పెట్టెను వెదకడంలో ఒక చిన్న ఉపాయం ఉంది. నేరుగా పెట్టె వైపు నడిస్తే, వాగు చేరిన తరువాత అది కుడివైపున ఉన్నదో ఎడమవైపున ఉన్నదో తెలియదు. అందుకని కావాలనే కొంచెం ఎడమకు గురిపెట్టి నడుస్తారు. వాగు తగలగానే సందేహం లేకుండా కుడికి తిరుగుతారు. తెలిసి చేసిన చిన్న తప్పు తెలియక చేసే పెద్ద తప్పును నివారిస్తుంది.

డార్ట్‌మూర్‌లో పొగమంచు చెప్పి రాదు. ఎదురుగా కనిపిస్తున్న టార్ క్షణాల్లో మాయమవుతుంది. పది అడుగుల దూరంలోని తోడు మనిషి నీడవలె మారతాడు. అటువంటప్పుడు జి.పి.ఎస్. నిజంగా ప్రాణరక్షకం. తాను ఎక్కడ ఉన్నదీ మనిషి తెలుసుకోగలుగుతాడు. అయితే చలికి బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. వానకు తడిసిన వేళ్లకు స్పర్శతో పనిచేసే తెరలు లొంగవు. ఇరుకు లోయలలో ఉపగ్రహ సంకేతాలు రాతిగోడలకు తగిలి, చుట్టు తిరిగి చేరడం వల్ల లెక్క తప్పుతుంది. కనుక పరికరాన్ని నమ్ముకొన్నవారు కూడా కాగితపు పటాన్ని, దిక్సూచిని, అదనపు బ్యాటరీని, ఈలను వెంట ఉంచుకొంటారు. నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ వేయడం ఆ దేశపు కొండలలో ఆపదను తెలిపే సంకేతం. మూడుసార్లు ఈల వినిపిస్తే విన్నామని జవాబు.

గమ్యం పది మీటర్ల దూరంలో ఉందని తెర మీద కనిపించినప్పుడు పరికరం పని ముగుస్తుంది, కళ్ల పని మొదలవుతుంది. అంతకన్నా దగ్గరగా చూపడం పరికరానికి ఎల్లప్పుడూ సాధ్యం కాదు. అప్పుడు అన్వేషకుడు తలెత్తి నేలను చూస్తాడు. సహజంగా పడినట్లు లేని రాయి, చెదిరిన గడ్డి, రాళ్ల సందులో అసహజమైన నీడ, ఇవే ఆనవాళ్లు. చివరికి ఒక రాతి వెనుక చల్లని పెట్టె చేతికి తగులుతుంది. మూత తీస్తే రంగువెలిసిన బొమ్మ, ఒక నాణెం, తడి తగిలి అంచులు ఉబ్బిన పుస్తకం ఉంటాయి. వాటి వెల ఎంతో లెక్కించేవారు ఉండరు. మూడు నెలల క్రితం ఎవరో వణికే వేళ్లతో రాసిన పేరు కింద తన పేరు రాసినప్పుడు కలిగే తృప్తి కోసమే ఇంత శ్రమ.

అయితే ఆ తృప్తి ప్రాణం కంటే గొప్పది కాదు. డార్ట్‌మూర్‌లో 1960 నుంచి 'టెన్ టార్స్' అనే నడక పోటీ జరుగుతోంది. సైన్యం నిర్వహించే ఈ పోటీలో ఇంటర్మీడియట్ విద్యార్థుల వయసు గల యువతీయువకులు ఆరుగురు చొప్పున జట్లుగా ఏర్పడి, పెద్దల తోడు లేకుండా, రెండు రోజుల్లో 56, 72 లేదా 88 కిలోమీటర్లు నడుస్తారు. 2007 మార్చిలో ఈ పోటీ కోసం సాధన చేస్తున్న ఒక బాలిక, వానలకు పొంగిన వాగులో పడి మరణించింది. ఆ ఏడాది మే నెలలో పోటీ మొదలైన తరువాత వాతావరణం విషమించింది, వాగులు పొంగాయి. నిర్వాహకులు పోటీని మధ్యలోనే ఆపివేశారు. నెలల తరబడి శ్రమించిన వేలమంది పిల్లలు నిరాశపడి ఉండవచ్చు. కాని వారందరూ ఇళ్లు చేరారు. 2018 జూన్‌లో చెక్ దేశ రాజధాని ప్రాగ్ నగరంలో జియోకాషింగ్ కోసం భూగర్భ కాలువలోకి దిగిన జర్మనీ దేశస్థుల బృందాన్ని, నేల మీద హఠాత్తుగా కురిసిన కుండపోత వాననీరు ముంచెత్తింది. అక్కడ కూడా ప్రాణనష్టం జరిగింది.

ఈ సంఘటనలలో పరికరం చెడిపోవడం కారణం కాదు. నీటి బలాన్ని తక్కువగా అంచనా వేయడంలోనే ప్రమాదం ఉంది. వేగంగా పారే నీరు మోకాలి లోతు ఉన్నా బలమైన మనిషిని పడగొట్టగలదు. ఉదయం దాటిన వాగు సాయంత్రానికి అదే వాగుగా ఉండదు. ఎన్నో గంటలు నడిచి, పెట్టె ఇక రెండు వందల మీటర్ల దూరంలోనే ఉన్నదని తెలిసినప్పుడు మనసు వెనుదిరగడానికి ఒప్పుకోదు. 'ఇంత దూరం వచ్చాం, ఇంకెంత' అనిపిస్తుంది. కొండల్లో చాలా ప్రమాదాలకు బీజం ఈ ఆలోచనే. అందుకే అనుభవజ్ఞులు బయలుదేరక ముందే ఒక నిర్ణయం తీసుకొంటారు. ఫలానా సమయానికి గమ్యం చేరకపోతే, వాగు ఫలానా రాయిని ముంచితే, జట్టులో ఒక్కరు అలసిపోయినా, మరుమాట లేకుండా వెనుదిరగాలి. తాము వెళ్లే దారిని, తిరిగివచ్చే సమయాన్ని ఇంటివద్ద ఒకరికి చెప్పి వెళతారు. పెట్టె ఎక్కడికీ పోదు. మరొకనాడు వెళ్లవచ్చు.

నడిచేవారి క్షేమంతోపాటు నేల క్షేమం కూడా ఈ క్రీడలో ముఖ్యమే. పెట్టెను పాతిపెట్టడానికి గుంత తవ్వకూడదు. స్థలం యజమాని అనుమతి లేనిదే దాచకూడదు. ఆహారపదార్థాలు ఉంచితే వాసనకు జంతువులు పెట్టెను చీల్చివేస్తాయి గనుక వాటిని ఇప్పుడు నిషేధించారు. డార్ట్‌మూర్‌లో వేల ఏళ్లనాటి రాతివలయాలు, సమాధులు ఉన్నాయి. వాటి రాళ్లను కదిలించడం తగదు. వెయ్యేళ్లలో ఒక మీటరు పెరిగిన పీట్ వందలాది బూట్ల కింద కొద్ది ఏళ్లలోనే కొట్టుకుపోతుంది. ఈ సంగతి గ్రహించిన క్రీడాకారులు 2002 నుంచి ఒక మంచి సంప్రదాయాన్ని నెలకొల్పారు. పెట్టెను వెదకడానికి వెళ్లినవారు దారిలో కనిపించిన చెత్తను ఏరి వెంట తెస్తారు.

తెలుగు నేలకు కూడా ఉపగ్రహ మార్గదర్శక విద్యతో దగ్గరి సంబంధం ఉంది. భారతదేశం సొంతంగా నిర్మించుకొన్న 'నావిక్' వ్యవస్థలోని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే నింగికి ఎగసింది. కొత్త తరానికి చెందిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహాన్ని 2023 మే 29న అక్కడి నుంచే ప్రయోగించారు. నేడు సెల్‌ఫోను ఉన్న ప్రతి విద్యార్థి చేతిలోనూ ఉపగ్రహ సంకేతాన్ని అందుకొనే సాధనం ఉన్నట్లే. నల్లమల కొండల్లోనో తూర్పు కనుమల్లోనో ఒక జలపాతాన్ని ఫోనులో చూసి, బాణం గుర్తు వెంట బయలుదేరాలనే కోరిక యువతకు కలగడం సహజం. నల్లమలలో పెద్దపులుల అభయారణ్యం ఉంది. అక్కడ అటవీశాఖ అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. వానకాలంలో కొండవాగు ఎంత వేగంగా పొంగుతుందో, ఏ రాయి జారుతుందో, ఏ దారి ఎక్కడ తెగిపోతుందో తరతరాలుగా ఆ అడవిలో నివసిస్తున్న చెంచులకు తెలిసినట్లు ఉపగ్రహానికి తెలియదు. 1854లో క్రాన్‌మియర్ పూల్‌కు వెళ్లినవారు జేమ్స్ పెరట్‌ను వెంటబెట్టుకొని వెళ్లినది ఇటువంటి తెలివి కోసమే.

ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే సంకేతం మనిషి ఎక్కడ ఉన్నాడో, ఎక్కడికి పోవాలో చెప్పగలదు. పోవడం ఎలాగో, ఎప్పుడు పోరాదో నేల చెబుతుంది, నీరు చెబుతుంది, ఆకాశం చెబుతుంది. వాటి మాట వినగలిగినవాడికి పరికరం మంచి తోడు. వినలేనివాడికి బాణం గుర్తు ప్రమాదకరం. ఈ సంగతి తెలిసి నడిచేవాడు పెట్టె దొరికినా, దొరకకపోయినా, చీకటి పడేలోగా ఇల్లు చేరతాడు.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. లెటర్‌బాక్సింగ్ నుంచి జియోకాషింగ్ వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. క్రాన్‌మియర్ పూల్‌కు నడిచి వెళ్లేవారు ఎదుర్కొనే కష్టాలను, తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. జి.పి.ఎస్. పరికరం మనిషి ఉన్న చోటును ఎలా లెక్కిస్తుంది?
2. వాగు ఒడ్డున ఉన్న పెట్టెను చేరడానికి కావాలనే ఒక పక్కకు గురిపెట్టడం వల్ల ప్రయోజనం ఏమిటి?
3. 'ఇంత దూరం వచ్చాం, ఇంకెంత' అనే ఆలోచన ఎందుకు ప్రమాదకరం?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'కాష్' అనే మాటకు అర్థం ఏమిటి?
2. క్రాన్‌మియర్ పూల్‌లో మొదట సీసాను ఉంచినది ఎవరు?
3. నైస్మిత్ సూత్రం ప్రకారం 600 మీటర్ల ఎక్కుడుకు ఎంత సమయం అదనంగా కలపాలి?
4. నావిక్ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహాన్ని ఎక్కడి నుంచి ప్రయోగించారు?